ఎండ కన్నా ఆవిరి: సాలిడ్ ఆక్సైడ్ సెల్‌కు కృష్ణా తీరంలో చోటెక్కడ?

ఆంధ్రప్రదేశ్‌లో గ్రీన్ హైడ్రోజన్, అంటే సోలార్ లాంటి శుద్ధమైన కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్, మాట ఈమధ్య గట్టిగానే వినిపిస్తోంది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారు చేయాలన్నది అక్కడి లక్ష్యం. అదే ఏడాది జూలైలో అమరావతిలో గ్రీన్ హైడ్రోజన్ సదస్సు కూడా నడిచింది. ఈ సందడిలో లెక్కలన్నీ ఎన్ని గిగావాట్ల సోలార్, ఎన్ని ఎకరాలు, యూనిట్ ఎంత పడుతుంది అన్న వాటి చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం గురించి మాత్రం ‘ఎలక్ట్రోలైజర్’ అని ఒక్క మాట అనేసి ముందుకు పోతున్నారు.

ఆ ఒక్క మాట కింద మూడు నాలుగు జాతుల యంత్రాలున్నాయి. ఆల్కలైన్ (క్షార ద్రావణంతో నడిచేది), పీఈఎం (ప్రోటాన్లను పంపే ప్లాస్టిక్ పొరతో నడిచేది) రకాలు 60 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య నీళ్లతో పనిచేస్తాయి. సాలిడ్ ఆక్సైడ్ సెల్ దారి వేరు. అది ప్రధానంగా సిరామిక్ పలక. మామూలుగా 700 నుంచి 850 డిగ్రీల వేడిలో ఉంటేనే పనిచేస్తుంది, నీళ్లకు బదులు ఆవిరి తీసుకుంటుంది. దాన్నే తిరగేసి హైడ్రోజన్ గానీ సహజవాయువు గానీ ఇస్తే ఫ్యూయల్ సెల్‌గా మారి కరెంటు ఇస్తుంది. ఈ జాతులన్నిటిలో తక్కువ కరెంటు తాగేది ఇదే, ఎక్కువ గారాబం కోరేదీ ఇదే. ఆ గారాబమంతా పదార్థాల దగ్గరే ఉంది కాబట్టి విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఇది ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అతకదు అన్నది తేల్చాలంటే పలక లోపలికి వెళ్లి చూడక తప్పదు.

ముందు కరెంటు లెక్క. ఒక కిలో హైడ్రోజన్ తీయాలంటే తొమ్మిది కిలోల నీరు విడిపోవాలి. ఆల్కలైన్, పీఈఎం యంత్రాలకు కిలోకు మొత్తంగా 50 నుంచి 55 యూనిట్లు ఖర్చవుతుంది. సాలిడ్ ఆక్సైడ్ సెల్ 1.29 వోల్టుల దగ్గర నడిస్తే బయటి నుంచి వేడి పోయకుండా, తన వేడిని తానే నిలబెట్టుకుంటూ పనిచేస్తుంది. ఆ వోల్టేజీ దగ్గర కిలోకు సెల్ తాగేది 34 యూనిట్ల పైచిలుకు. పంపులు, హీటర్లు, కన్వర్టర్ల నష్టాలు కలుపుకుంటే 40 దగ్గరికి వస్తుంది. పావు వంతు కరెంటు మిగిలినట్టే కదా అని మురిసిపోవచ్చు.

అసలు పేచీ ఇక్కడే. ఆ 40 అన్న అంకెలో ఆవిరి ఊరికే వచ్చిందని ఒక ఒప్పందం దాగి ఉంది. తొమ్మిది కిలోల నీటిని మామూలు వేడి నుంచి ఆవిరిగా మార్చడానికి దాదాపు 23 మెగాజౌళ్లు, అంటే ఆరు యూనిట్లకు పైనే కావాలి. దాన్ని కూడా సోలార్ కరెంటుతోనే మరిగిస్తే ఖర్చు 45 దాటుతుంది. అప్పుడు ఇంత ఖరీదైన, ఇంత సున్నితమైన యంత్రాన్ని భరించడానికి మిగిలే కారణం బాగా పలచబడుతుంది. అందుకే ఈ సెల్‌కు స్థలం వెతికేటప్పుడు ఎండ ఎక్కడ ఎక్కువ అని అడగడం రెండో ప్రశ్న. ఆవిరి ఎక్కడ వృథాగా పోతోంది, అదీ రాత్రీపగలూ ఆగకుండా, అన్నది మొదటి ప్రశ్న. (విజయవాడను ‘బ్లేజ్‌వాడ’ అని వేళాకోళం చేస్తారు గానీ, 800 డిగ్రీల్లో బతికే పలకకు రోహిణి కార్తె 45 డిగ్రీలైనా, సంక్రాంతి చలి అయినా ఒక్కటే.)

రాత్రీపగలూ అన్న షరతు ఎందుకో పలక నిర్మాణం చెబుతుంది.

గుండెకాయ లాంటి పొర జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్. స్వచ్ఛమైన జిర్కోనియా ఇక్కడ పనికిరాదు. వేడి చేస్తే 1,170 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక రూపం మారుతుంది. చల్లారేటప్పుడు మళ్లీ పాత రూపానికి వస్తూ నాలుగైదు శాతం ఉబ్బి పగిలిపోతుంది. దానికి మందు ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడ్. జిర్కోనియాలో 8 మోల్ శాతం (అణువుల లెక్కన నూటికి ఎనిమిది) ఇట్రియా కలిపితే స్ఫటికం క్యూబిక్ (ఘనాకార) రూపంలో స్థిరపడుతుంది. అదే దెబ్బకు ఇంకో లాభం కూడా వస్తుంది. జిర్కోనియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) ఆవేశం నాలుగు, ఇట్రియం అయాన్ ఆవేశం మూడు. రెండు ఇట్రియం అయాన్లు వచ్చి కూర్చున్నప్పుడల్లా లెక్క సరిపోవడానికి ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీల మీదుగా ఆక్సిజన్ అయాన్లు ఒకదాని వెనక ఒకటి గెంతుతూ పలకను దాటుతాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం దారి దొరకదు. అలా ఆవిరి వెళ్లిన వైపు హైడ్రోజన్ మిగులుతుంది, అవతలి వైపు ఆక్సిజన్ వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 19వ శతాబ్దం చివర్లో ఇట్రియా కలిపిన జిర్కోనియా కడ్డీనే దీపంగా వెలిగించాడు. 1937లో బావర్, ప్రైస్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లో దాంతో ఫ్యూయల్ సెల్ నడిపి చూపించారు. తర్వాత దాదాపు తొంభై ఏళ్లు గడిచినా ఈ పొర స్థానంలోకి పూర్తిగా రాగలిగిన పదార్థం ఇంకా లేదు.

అయాన్లు గెంతాలంటే వేడి కావాలి. వేడి తగ్గించాలంటే పొరను పలచన చేయాలి. ఇప్పటి సెళ్లలో ఈ జిర్కోనియా పొర మందం 10 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, తల వెంట్రుక మందంలో ఎనిమిదో వంతో, పదో వంతో. అంత పలచని సిరామిక్ తనంతట తాను నిలబడలేదు కాబట్టి కింద అర మిల్లీమీటరు దాకా మందం ఉన్న నికెల్–జిర్కోనియా మిశ్రమాన్ని ఆధారంగా పెడతారు. పైన ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్‌ను పేస్టులా చేసి స్క్రీన్ ప్రింటింగ్‌తో పూస్తారు. గవర్నర్‌పేట ప్రెస్సుల్లో శుభలేఖలు అచ్చేసే ఆ జల్లెడ, ఆ రబ్బరు పట్టీ పద్ధతే ఇది. సిరా స్థానంలో సిరామిక్ పొడి ఉంటుంది, ఆరబెట్టే స్థానంలో 1,000 డిగ్రీలు దాటిన కొలిమి ఉంటుంది. ఈ రంగంలో చేయి తిరగాలంటే రసాయన శాస్త్రం ఎంత రావాలో, బట్టీలో పలక వంకర పోకుండా కాల్చడం అంతే రావాలి.

ఇక వ్యాకోచం సంగతి. పది సెంటీమీటర్ల పలకను గది ఉష్ణోగ్రత నుంచి 800 డిగ్రీలకు తీసుకెళ్లామనుకుందాం. జిర్కోనియా పొర సుమారు 0.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నికెల్ కలిసిన ఆధార పొర ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. కోబాల్ట్ ఎక్కువగా ఉన్న కొన్ని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్లు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతాయి. మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వేడి పాలు పోసిన గాజు గ్లాసు చిట్లినట్టు ఇవి కూడా చిట్లుతాయి, కాకపోతే ఇక్కడ చీలిక కంటికి కనపడదు, పొరకీ పొరకీ మధ్య ఉంటుంది. సెళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో వచ్చే స్టీలు పలకకూ ఇదే నియమం. మన వంటగదుల్లో ఉండే 304 స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది కాబట్టి పనికిరాదు. ఫెర్రిటిక్ స్టీలు ఒక మిల్లీమీటరు లోపు ఆగుతుంది. ఆటోనగర్‌లో సైలెన్సర్లు మార్చేవాళ్లకు ఈ జాతి పరిచయమే, వాహనాల ఎగ్జాస్ట్ గొట్టాలకు వాడేది చాలావరకు దాని చుట్టాలనే. సెల్ కోసం అందులోనే 22 శాతం క్రోమియం, కొద్దిపాటి లాంథనం, మాంగనీసు కలిపి ప్రత్యేకంగా తయారు చేస్తారు.

కరెంటు పోతే ఏమవుతుంది?

మే నెల సాయంత్రం గాలివాన వచ్చి ఫీడర్ ట్రిప్ అయిందనుకుందాం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ ఫ్యాక్టరీకైనా ఇది మామూలు సంగతి. పీఈఎం యంత్రమైతే ఆగుతుంది, కరెంటు రాగానే నిమిషాల్లో మళ్లీ అందుకుంటుంది. సాలిడ్ ఆక్సైడ్ సెల్ లోపల జరిగేది వేరు. హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్‌లో మైక్రాన్ పరిమాణపు నికెల్ రేణువులు ఒకదానితో ఒకటి చేయి కలిపి కరెంటును మోస్తుంటాయి. వాటి చుట్టూ హైడ్రోజన్ ఉన్నంతసేపూ అవి లోహంగా ఉంటాయి. కరెంటు పోయి హైడ్రోజన్ తయారీ ఆగితే మిగిలేది ఉత్త ఆవిరి, సీలు సరిగా లేకపోతే కొంచెం గాలి. 800 డిగ్రీల వేడిలో నికెల్ ఆక్సైడ్‌గా మారడం మొదలుపెడుతుంది. మారితే ఘనపరిమాణం దాదాపు 70 శాతం పెరుగుతుంది. ఉబ్బడానికి పక్కన చోటు ఉండదు. పక్కనున్న జిర్కోనియా చట్రాన్ని నెడుతుంది, చట్రం పైనున్న 10 మైక్రాన్ల పొరను లాగుతుంది. సిరామిక్ నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ లాగుడుకు తట్టుకోదు. ఒక్క సన్నని చీలిక చాలు, రెండు వైపుల వాయువులు కలిసిపోతాయి. మళ్లీ కరెంటొచ్చి నికెల్ తిరిగి లోహంగా మారినా రేణువులు పాత చోట్లకు రావు.

అందుకే ప్రతి ప్లాంటులో హైడ్రోజన్ గానీ, నత్రజనిలో కాస్త హైడ్రోజన్ కలిపిన వాయువు గానీ నిల్వ పెట్టుకుని, సరఫరా ఆగిన క్షణం నుంచి దాన్ని లోపలికి పంపే ఏర్పాటు ఉంటుంది. బ్యాకప్ ఉంది కదా, ఇంక టెన్షన్ ఎందుకు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ బ్యాకప్ ఎన్ని గంటలు వస్తుంది, పలక మెల్లగా చల్లారడానికి అది సరిపోతుందా అన్నది విడిగా చూడాల్సిన విషయం.

అసలు కరెంటు ఎప్పుడూ పోకపోయినా నికెల్ కుదురుగా ఉండదు. దాని ద్రవీభవన స్థానం 1,455 డిగ్రీలు. 800 దగ్గర అది కరగదు గానీ, చిన్న రేణువులు పెద్దవాటిలో కలిసిపోతూ ముద్దకట్టడానికి ఆ వేడి చాలు. ఎలక్ట్రోలైజర్‌గా గట్టిగా నడిపినప్పుడు ఇంకో వింత కనబడింది. నికెల్ జిర్కోనియా పొర దగ్గర నుంచి దూరంగా జరిగిపోతుంది. చర్య జరగాల్సిన చోటే లోహం లేకుండా పోతుందన్నమాట. ఫ్యూయల్ సెల్‌గా నడిపితే ఈ గోల ఇంతగా ఉండదు. ఫ్యూయల్ సెల్ కోసం పాతికేళ్లు మెరుగులు దిద్దిన పలకను తిరగేసి ఎలక్ట్రోలైజర్ అనడం ఎందుకు సరిపోదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆక్సిజన్ వైపు తగవులు

ఆక్సిజన్ వైపు మొదట్లో వాడింది లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్. వ్యాకోచంలో జిర్కోనియాకు దగ్గరగా ఉంటుంది, ఓర్పు కూడా ఎక్కువ. అయితే అయాన్లను తన లోపల నుంచి పంపలేదు, అందుకే వేడి బాగా కావాలి. ఎలక్ట్రోలైజర్‌గా నడిపితే పొర అంచున ఆక్సిజన్ ఒత్తిడి పేరుకుపోయి పెచ్చుగా లేచిపోతుంది. దాని తర్వాత వచ్చిన లాంథనం స్ట్రాన్షియం కోబాల్ట్ ఫెర్రైట్ అయాన్లనూ ఎలక్ట్రాన్లనూ రెండింటినీ మోస్తుంది. 700 దగ్గరే బాగా పనిచేస్తుంది. కానీ అందులోని స్ట్రాన్షియం పక్కింటి జిర్కోనియాతో కలిసి స్ట్రాన్షియం జిర్కనేట్ అనే పొరను కడుతుంది. దాని గుండా అయాన్లు పోవు. ఈ రెండింటినీ విడదీయడానికి మధ్యలో గడోలినియం కలిపిన సీరియా (సీరియం ఆక్సైడ్) గోడ కట్టారు. ఆ గోడను గట్టిగా కాలిస్తే సీరియా, జిర్కోనియా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వాహకత పోతుంది. తక్కువ వేడిలో కాలిస్తే గోడలో రంధ్రాలు మిగిలి స్ట్రాన్షియం వాటిలోంచి దూరి వస్తుంది. ఒక తగవు తీర్చడానికి పిలిచిన పెద్దమనిషి ఇంకో తగవు తేవడం ఈ రంగంలో ఆనవాయితీ.

క్రోమియం కథ మన వాతావరణానికి మరీ దగ్గరిది. స్టీలు పలక మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొరే దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఆ పొర నుంచే క్రోమియం ఆవిరై గాలితోపాటు వెళ్లి ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. పొడి గాలిలో ఈ ఆవిరి తక్కువ. గాలిలో తేమ ఉంటే క్రోమియం నీటితో కలిసి సులువుగా ఎగిరే రూపంలోకి మారుతుంది, నష్టం అనేక రెట్లు పెరుగుతుంది. వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ విజయవాడలో కొత్తేమీ కాదు. ఆ గాలిలో ఘనపరిమాణం ప్రకారం మూడు శాతం నీటి ఆవిరి ఉన్నట్టు లెక్క. ప్రయోగశాలల్లో క్రోమియం పరీక్షలకు తరచు కావాలని కలిపే తేమ కూడా మూడు శాతమే. చలిదేశంలో పొడి గాలితో తీసిన ఆయుష్షు అంకెను ఇక్కడి టెండరులో యథాతథంగా రాసుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇందుకు వైద్యం లేకపోలేదు. స్టీలు మీద మాంగనీసు–కోబాల్ట్ స్పినెల్ అనే ఆక్సైడ్ పూత వేస్తే క్రోమియం చాలావరకు లోపలే ఆగుతుంది. ఎలక్ట్రోలైజర్‌గా నడిపేటప్పుడు ఆక్సిజన్ బయటికే వస్తుంది కాబట్టి, లోపలికి పంపే గాలి తగ్గించి తేమను అదుపు చేసే వీలు కూడా ఉంది. ఫ్యూయల్ సెల్‌కు మాత్రం గాలి పుష్కలంగా కావాల్సిందే.

ఇంకో శత్రువు సిలికా, మామూలు ఇసుక పదార్థం. అధిక వేడి ఆవిరిలో సిలికా కరిగి ప్రయాణిస్తుంది. నికెల్ దగ్గర ఆవిరి హైడ్రోజన్‌గా మారిపోగానే సిలికా అక్కడే పడిపోయి చర్య జరిగే చోట్లను పూడ్చేస్తుంది. కృష్ణా నీటినైనా, గుంటూరు బోరు నీటినైనా ఎంత శుద్ధి చేసి పంపాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, ఇప్పుడు డాక్టర్ నార్ల తాతారావు పేరుతో ఉన్నది, 1979 నుంచి నడుస్తోంది. అలాంటి చోట్ల పనిచేసే కెమిస్టులకు సిలికా కొత్త కాదు. అదే సిలికా టర్బైన్ రెక్కల మీద గట్టిపడుతుంది కాబట్టి ఆవిరిలో దాన్ని వంద కోట్ల పాళ్లలో 20 పాళ్ల లోపు ఉంచడం వాళ్ల రోజువారీ పని. నీటిలోని లవణాలు తీసేసే డీఎం ప్లాంటు, అందులోని అయాన్ ఎక్స్‌ఛేంజ్ రెసిన్లు, గంట గంటకూ నమూనాలు, ఈ క్రమశిక్షణ అంతా సెల్‌కూ కావాలి. అయితే బయటి నీరు ఎంత శుద్ధిగా ఉన్నా పలకల అంచులకు వేసే గాజు సీలు నుంచి కూడా సిలికా లేస్తుంది. అందుకే సీలుకు వాడే గాజు కూర్పులో సిలికా తగ్గించి, బేరియం, అల్యూమినియం పెంచి, కాల్చాక స్ఫటికంగా మారేలా చేస్తారు.

ఆయుష్షు ఎవరికి కుదిరింది?

జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో రెండు సెళ్లు పేర్చిన చిన్న స్టాక్‌ను (దొంతరను) 2007 ఆగస్టులో వేడెక్కించారు. 2019 జనవరిలో ఆపారు. మొత్తం లక్ష గంటలు, 700 డిగ్రీల దగ్గర. పదార్థాలు నిలబడతాయనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. కానీ అది ఒకే వేడిలో, నిలకడగా, ఫ్యూయల్ సెల్‌గా నడిచిందన్నది మరవకూడదు. పరిశ్రమ సాధారణంగా పెట్టుకునే లక్ష్యం వెయ్యి గంటలకు అర శాతం లోపు క్షీణత. ఆ లెక్కన ఐదేళ్లకు, అంటే 43,800 గంటలకు, దాదాపు 22 శాతం పోతుంది. అదే వెయ్యి గంటలకు ఒక శాతమైతే ఐదేళ్లలో స్టాక్ మార్చుకోవాల్సిందే.

రోజూ పొద్దున వేడెక్కి, రాత్రి చల్లారే నడక దీనికి సరిపడదు. అంగారకుడి మీద పెర్సెవరెన్స్ రోవర్‌లో నాసా పెట్టిన మాక్సీ పరికరం ఈ జాతిదే. కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసింది. 2021 ఏప్రిల్ నుంచి 2023 ఆగస్టు దాకా 16 సార్లు, ప్రతిసారీ గడ్డకట్టే చలి నుంచి 800 డిగ్రీలకు వెళ్లి, మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చింది. స్కాండియా (స్కాండియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియాకు వ్యాకోచంలో సరిగ్గా సరితూగే క్రోమియం మిశ్రమలోహాన్ని దానికి ఆనుకునే పలకగా వాడటం వల్ల అది సాధ్యమైంది. అక్కడ 16 సార్లు. సోలార్ ప్లాంటు పక్కన పెడితే ఏడాదికి 365 సార్లు.

మధ్యేమార్గం ఒకటుంది. పలకను ఎప్పుడూ వేడిగానే ఉంచి, కరెంటును మాత్రం పెంచి తగ్గించడం. 2015లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు సెల్‌ను ఎలక్ట్రోలైజర్‌గా కొంతసేపు, ఫ్యూయల్ సెల్‌గా కొంతసేపు మార్చి మార్చి నడిపితే, ఆక్సిజన్ వైపు పెచ్చులూడే జబ్బు దాదాపు మాయమైందని చూపించారు. వేడి మారడం చెడ్డది, దిశ మారడం మేలు చేయొచ్చు అన్నమాట. అయితే మధ్యాహ్నం హైడ్రోజన్ చేసి రాత్రికి మళ్లీ కరెంటు తీసుకుందామనుకునేవాళ్లు నష్టం కూడా చూసుకోవాలి. వెళ్లి వచ్చేసరికి బ్యాటరీలో పోయేది పది, పదిహేను శాతం. కర్నూలు వైపు కడుతున్న పంప్డ్ స్టోరేజీలో పోయేది పావు వంతు దాకా. హైడ్రోజన్ దారిలో సగం దాకా పోవచ్చు. ఒక రోజు నిల్వకు ఈ సెల్‌ను పోటీకి దించడం అనవసరమే అనిపిస్తుంది.

మరి ఎక్కడ?

ఇబ్రహీంపట్నం పేరు వినగానే ఆవిరి అక్కడే ఉంది కదా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క చూస్తే ఆ ఉత్సాహం తగ్గుతుంది. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్ దాటితే దాన్ని గ్రీన్ అనకూడదు. తొమ్మిది కిలోల ఆవిరికి కావాల్సిన 23 మెగాజౌళ్లను బొగ్గు బాయిలర్ నుంచి తీస్తే, బాయిలర్ నష్టాలతో కలిపి రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. సోలార్ కరెంటు ఎంత శుద్ధమైనా ఆవిరి ఒక్కటే ‘గ్రీన్’ ముద్రను చెరిపేస్తుంది. టర్బైన్ చివర కండెన్సర్‌కు పోయే ఆవిరి నిజంగా వృథాయే గానీ, దాని ఉష్ణోగ్రత 50 డిగ్రీల లోపు, పీడనం వాతావరణం కన్నా బాగా తక్కువ. సెల్‌కు అది ఉపయోగపడదు.

ఉయ్యూరు చక్కెర కర్మాగారం లాంటి చోటు ఇంతకన్నా మెరుగు. చెరకు పిప్పితో వచ్చే ఆవిరి కాబట్టి కార్బన్ లెక్క తేలిక. డిస్టిలరీలో మొలాసిస్ పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ చాలా శుద్ధం. ఆవిరినీ దాన్నీ కలిపి ఒకే సెల్‌లోకి పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ మిశ్రమం వస్తుంది, అక్కడి నుంచి మిథనాల్‌కు దారి ఉంది. ఆల్కలైన్ యంత్రం ఈ పని చేయలేదు. చిక్కల్లా క్రషింగ్ సీజన్ కొద్ది నెలలే కావడం. మిగతా కాలం ఊకతోనో ఇంకో బయోమాస్‌తోనో బాయిలర్ నడపగలిగితేనే ఇది నిలబడుతుంది.

అన్నిటికన్నా బాగా అతికేది అమ్మోనియా. హైడ్రోజన్, నత్రజని కలిసి అమ్మోనియా అయ్యేటప్పుడు 400 డిగ్రీలకు పైబడిన చోట వేడి బయటికొస్తుంది. ఆ వేడితోనే సెల్‌కు కావాల్సిన ఆవిరి చాలావరకు తయారవుతుంది. అమ్మోనియా ప్లాంటు రోజూ ఆపి వెలిగించేది కాదు కాబట్టి సెల్ కోరే నిలకడ కూడా దొరుకుతుంది. కాకినాడ తీరంలో గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టులు వస్తున్నాయి. డెల్టా వరి పొలాలకు, గుంటూరు మిర్చికి పోసే యూరియా మూలం అమ్మోనియానే. విజయవాడకు ఈ సెల్‌తో నేరుగా ఉండే లావాదేవీ ఆ తోవలోనే ఎక్కువ.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల సంగతి తిరగేసిన కథ. ఫిబ్రవరి నుంచి మిర్చి నిండిన గోదాములకు ఎండాకాలమంతా ఆగకుండా కరెంటు కావాలి. సరఫరా పోతే డీజిల్ జనరేటరే దిక్కు. నగర గ్యాస్‌తో నడిచే సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ ఇంధనంలోని శక్తిలో 60 శాతం దాకా కరెంటుగా మార్చగలదు, జనరేటరు 35 దగ్గర ఆగుతుంది. కాకపోతే గ్యాస్‌కు వాసన కోసం కలిపే గంధక పదార్థం నికెల్‌కు విషం, కొద్ది పీపీఎం (పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లు) చాలు. ముందు జింక్ ఆక్సైడ్ నింపిన తొట్టి గుండా పంపి వడకట్టాలి. పైగా కరెంటు పోయినప్పుడు మాత్రమే వెలిగించే జనరేటరు పని దీనికి అప్పజెబితే రెండు నెలల్లో పాడు చేసుకోవడమే. ఏడాది పొడుగునా నడిపే ఉద్దేశం ఉంటేనే దీని మాట ఎత్తాలి. ఖర్చు మాత్రం ఇంకా యార్డు వ్యాపారి లెక్కకు అందే స్థాయికి రాలేదు.

ముడిసరుకు దగ్గర ఒక హెచ్చరిక ఉంది. జిర్కాన్ ఇసుక మనకు కొరత కాదు, భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో అది ఉంది. కష్టమంతా చిటికెడు కలిపే వాటితోనే. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై నియంత్రణ పెట్టిన ఏడు అరుదైన లోహాల్లో ఇట్రియం, గడోలినియం, స్కాండియం మూడూ ఉన్నాయి. పైన చెప్పిన పొరల్లో ఎలక్ట్రోలైట్ అనే జిర్కోనియా పొరలోనూ, సీరియా అడ్డుగోడలోనూ, మాక్సీ పలకలోనూ పనిచేసినవి సరిగ్గా ఆ మూడే.

దేశంలో కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ చాలా ఏళ్లుగా ఈ పలకల మీద పనిచేస్తోంది. బ్రిటన్ కంపెనీ సెరెస్ దారి మరోటి. జిర్కోనియా స్థానంలో గడోలినియం కలిపిన సీరియా పొరను, నికెల్ ఆధారం స్థానంలో రంధ్రాలు కొట్టిన స్టీలు రేకును పెట్టి వేడిని 600 డిగ్రీల దిగువకు దించింది. అంతకు మించి వేడెక్కిస్తే సీరియా గుండా ఎలక్ట్రాన్లు కారిపోతాయి కాబట్టి ఆ గీత దాటరు. స్టీలు ఆధారం వల్ల వేడెక్కి చల్లారడాన్ని ఇది బాగా ఓర్చుకుంటుంది, సీలును వెల్డింగ్‌తో వేయొచ్చు. ఈ రకం ఎలక్ట్రోలైజర్ల తయారీ లైసెన్సును 2024లో పుణెకు చెందిన థర్మాక్స్ తీసుకుంది. ఒక మెగావాట్ నమూనా యూనిట్‌ను బెంగళూరులోని షెల్ టెక్నాలజీ సెంటర్‌లో పెట్టారు. ఆంధ్రలో ఎవరైనా టెండరు రాయబోయే ముందు అక్కడి నుంచి అడగాల్సినవి మూడున్నాయి: ఆవిరి ఖర్చు కలిపి కిలోకు ఎన్ని యూనిట్లు, తేమ గాలిలో వెయ్యి గంటలకు ఎంత క్షీణత, పూర్తిగా చల్లార్చి మళ్లీ వేడెక్కించింది ఎన్నిసార్లు.